యంత్రం కంటికి దిష్టిచుక్క

మనవాళ్ళకి మొదటినుంచీ కంటిమీద నమ్మకం తక్కువ. చెవిన పడ్డదాన్ని నమ్ముతారు, ఊళ్ళో పుట్టిన పుకారుని ఇంకా బాగా నమ్ముతారు, కాని ఎదుటివాడి కంటిని మాత్రం నమ్మరు. పసిపిల్ల బుగ్గన కాటుకచుక్క, కడుతున్న ఇంటికి గడ్డిబొమ్మ, దుకాణం గుమ్మానికి నిమ్మకాయా మిరపకాయలూ, కొత్త మోటారుసైకిలుకి నల్లతాడు! ఎందుకమ్మా అంటే దిష్టి తగలకుండా అంటారు. ఆలోచిస్తే ఇందులో మంత్రం కంటే తంత్రమే ఎక్కువ. చూసేవాడి చూపు పడవలసిన చోట పడకుండా, పక్కనున్న వికారపు వస్తువుమీద పడేట్టు చెయ్యడమే కదా! బొద్దుగా ముద్దొస్తున్న పిల్లమీదికి రాబోయిన కన్ను నల్లచుక్క దగ్గర ఆగిపోతుంది. పిల్ల బతికిపోతుంది.

చేలో దిష్టిబొమ్మదీ అదే ఉద్యోగం. అయితే కోతులు ఈ మధ్య తెలివిమీరాయి. దిష్టిబొమ్మ భుజంమీద కూర్చునే మక్కకంకులు ఒలుచుకుంటున్నాయి. అందుకని 2022లో సిద్దిపేట జిల్లా కోహెడలో ఒక రైతు, మనిషిని కూలికి పెట్టి, ఎలుగుబంటి వేషం వేయించి చేనంతా తిప్పాడు. రోజుకి అయిదువందలట కూలి. కోతులూ అడవిపందులూ ఆ దిక్కుకి రాలేదట. కోతి కంటిని మోసం చెయ్యడానికి మనిషి ఎలుగుబంటి కావలసి వచ్చింది. రామాయణ కాలంలో ఇద్దరూ ఒకే పక్షం కదా, ఇప్పుడేమిటో!

ఇదంతా ఎందుకు చెబుతున్నానంటే, ఇప్పుడు కొత్తరకం కళ్ళు వచ్చిపడ్డాయి. మా భైంసాలోనే చూడండి, నాలుగు వీధులు కలిసేచోట స్తంభం మీద ఒక కన్ను, బట్టల దుకాణంలో నాలుగు కళ్ళు, ఇంట్లో మనిషికో ఫోను, ఫోనుకి రెండో మూడో కళ్ళు. పూర్వం కెమెరా ఫొటో తీసి ఊరుకునేది. అందులో ఉన్నదెవరో మనమే చెప్పుకునేవాళ్ళం. ఇప్పుడలా కాదు. ఇది పురుగు, అది పులి, ఇదిగో ఈమె ఫలానా మనిషి అని తనే తీర్పు చెబుతోంది. మరి ఇలాంటి కంటికి దిష్టిచుక్క పనిచేస్తుందా? ఇదీ నా సందేహం.

సందేహం తీర్చడానికి మా ఆడపడుచు కొడుకు ఉన్నాడు. బాసరలో ట్రిపుల్ ఐటీలో చదువుతున్నాడు. బి.ఏ.లో చరిత్ర చదువుకున్న అత్తకి కంప్యూటరు సంగతులు చెప్పడమంటే వాడికి మహా సరదా.

"అది చూసుడు గాదత్తా, లెక్కవెట్టుడు" అన్నాడు.

వాడు చెప్పిన పాఠం నాకు అర్థమైనంతవరకూ ఇది. ఫొటో అంటే చిన్నచిన్న గళ్ళు. ఒక్కొక్క గడికి దాని రంగూ వెలుగూ చెప్పే అంకెలు. యంత్రానికి దొరికేవి ఆ అంకెలే. పిల్లి బొమ్మలు వేలకొద్దీ చూపించి ఇది పిల్లి, ఇది పిల్లి అని చెప్పగా చెప్పగా, పిల్లి ఉన్నచోట అంకెలు ఏ పోకడలో ఉంటాయో పట్టుకుంటుంది. మన బాసర అమ్మవారి ముందు పిల్లవాడి చేత ఒక్కసారి పలకమీద దిద్దిస్తే చాలు, అక్షరాభ్యాసం అయిపోయినట్టే. యంత్రం అక్షరాభ్యాసం అంత తేలిక కాదు. అమెరికాలో ఫెయి-ఫెయి లీ అనే ఆచార్యురాలి బృందం 2009లో లోకానికి చూపిన ఇమేజ్‌నెట్ అనే బొమ్మల భోషాణంలో, పోనుపోను కోటీ నలభై లక్షల బొమ్మలు చేరాయి. అన్ని చూసినా దానికి తెలిసేది బొమ్మే. అరటిపండుని మన పిల్లవాడు ఒలిచి, వాసన చూసి, తిని, తొక్కమీద జారిపడి మరీ నేర్చుకుంటాడు. పాపం యంత్రానికి ఆ భాగ్యం లేదు.

"పరీక్ష వెడ్త చూడు" అని వాడు గూట్లో ఉన్న నిర్మల్ మామిడిపండుని ఫోనుకి చూపించాడు. నిర్మల్ మాకు నలభై కిలోమీటర్ల పైచిలుకు. అక్కడివాళ్ళు పొణికి చెక్క చెక్కి, రంగులు వేసి చేసే కాయలూ పండ్లూ మీలో చాలామంది ఇళ్ళలో ఉండే ఉంటాయి. ఫోను క్షణం తటపటాయించకుండా మామిడిపండు అంది. నాకు దానిమీద కోపం రాలేదు. మా అత్తగారు కూడా పూర్వం ఒకసారి దాన్ని కత్తిపీట ముందు పెట్టుకు కూర్చున్నారు. అయితే ఆవిడ చేతికి తీసుకోగానే, "ఇదేందే, బరువే లేదు" అని నవ్వి గూట్లో పెట్టేశారు. కంటికి చెయ్యి తోడుంది. ఫోనుకి ఆ తోడు లేదు.

నిర్మల్ పండు మనిషినీ యంత్రాన్నీ సమానంగా మోసగించింది. అందులో న్యాయం ఉంది. మనిషిని ఏమాత్రం మోసగించకుండా యంత్రాన్ని మాత్రమే బురిడీ కొట్టించే వస్తువులు ఉన్నాయట. అవి విన్నాకే నాకు అసలు వింత తెలిసింది.

2016లో అమెరికాలోని కార్నెగీ మెలన్ విశ్వవిద్యాలయం వాళ్ళు ఒక కళ్ళజోడు చేశారు. ఫ్రేముమీద రంగురంగుల మరకలు అచ్చువేశారు, అంతే. అది పెట్టుకున్న ఒక పరిశోధకుడిని యంత్రం హాలీవుడ్ నటి మిల్లా యోవోవిచ్ అనుకుంది. మనం చూస్తే, పాపం ఎవరో సంతలో చవక కళ్ళజోడు కొన్నాడనుకుంటాం. 2017లో మసాచుసెట్స్ సాంకేతిక విద్యాసంస్థ విద్యార్థులు ప్లాస్టిక్ తాబేలు ఒకటి చేసి, దాని వీపుమీద రంగులు ఒక పద్ధతిలో వేశారు. యంత్రం దాన్ని దాదాపు ఏ పక్కనుంచి చూసినా తుపాకి అంది. అదే ఏడాది గూగుల్ పరిశోధకులు రంగులు కలగాపులగంగా ఉన్న గుండ్రటి కాగితం ఒకటి అచ్చువేసి అరటిపండు పక్కన పెట్టారు. అంతవరకూ అరటిపండు అంటున్న యంత్రం ఒక్కసారిగా, ఇది రొట్టెలు కాల్చే టోస్టరు అని కేక పెట్టింది. అరటిపండు ఎటూ పోలేదు, ఎదురుగానే ఉంది. అయినా ఆ కాగితం ముక్క నిజం టోస్టరుకంటే ఎక్కువ టోస్టరులా యంత్రం కంటిని లాగేసింది. ఇది వినగానే నాకు పసిపిల్ల బుగ్గ గుర్తొచ్చింది. కాటుక బదులు రంగు కాగితం. మా సందేహం తీరింది, దిష్టిచుక్క పనిచేస్తుంది!

ఇంకోటి చెప్పి నవ్వించాడు వాడు. 2021లో ఓపెన్‌ఏఐ సంస్థవాళ్ళు తమ యంత్రాన్ని తామే పరీక్షించుకున్నారట. యాపిల్ పండుమీద చీటీ అంటించి, దానిమీద చేత్తో ఐపాడ్ అని రాశారు. ఐపాడ్ అంటే పాటలు వినే పరికరం. యంత్రం చీటీ చదువుకుని పండుని పట్టుకుని ఐపాడ్ అంది. చదువొచ్చిన కొద్దీ లోకజ్ఞానం తగ్గడం మనుషుల్లోనే ఉందనుకున్నాను.

నవ్వుకోవడానికి బాగానే ఉంది కాని, 2018లో అమెరికా పరిశోధకులు వెలువరించిన ఇంకో ప్రయోగం నవ్వించదు. రోడ్డుమీద "ఆగుము" అని రాసే ఎర్రటి పలకకి నాలుగు నలుపు తెలుపు కాగితపు ముక్కలు అంటించారు. ఏ డ్రైవరైనా ఎవరో ఆకతాయిల పని అనుకుని బండి ఆపుతాడు. వాళ్ళు పరీక్షించిన యంత్రం మాత్రం, గంటకి 45 మైళ్ళ వేగందాకా పోవచ్చు అని చదివింది. డ్రైవరు లేని కారుకి అదే కన్ను పెట్టి, అడ్డంగా బడిపిల్లలు దాటుతుంటే? ఇలాంటి లోపాలు వెతికి బయటపెట్టేవాళ్ళని మెచ్చుకోవాలి. ప్రమాదం జరిగాక తెలుసుకోవడం కంటే కాగితం ముక్కలతో తెలుసుకోవడం మేలు.

అయితే వస్తువు మోసమే చేస్తుందని లేదు, సాయమూ చేస్తుంది. దానికి నేను అమెరికా పోనక్కరలేదు, మా పత్తి చేలదాకా పోతే చాలు.

భైంసా అంటే నల్లరేగడి, నల్లరేగడి అంటే పత్తి. పంట ఇంటికొచ్చే రోజుల్లో మా రోడ్లమీద గాలికి తెల్లటి పింజలు ఎగురుతూ ఉంటాయి. ఆ పత్తికి శత్రువు గులాబీరంగు పురుగు. కాయలోపల దూరి కూర్చుంటుంది, పైకి కాయ నవనవలాడుతూనే ఉంటుంది. రైతు కంటికి తెలిసేసరికి లోపల గింజా దూదీ రెండూ పోతాయి. అందుకని చేలో లింగాకర్షక బుట్టలు కడతారు. ఆడపురుగు వాసన వచ్చే మందుబిళ్ళ అందులో పెడితే, మగ రెక్కలపురుగులు పెళ్ళికొడుకుల్లా ఎగురుకుంటూ వచ్చి బుట్టలో పడతాయి. వరసగా మూడు రాత్రులు బుట్టకి ఎనిమిదేసి పడితే, ఇక మందు కొట్టాల్సిందే అని లెక్క. తక్కువ పడితే కొట్టనక్కరలేదు, ఆ ఖర్చు మిగులుతుంది.

చిక్కంతా ఆ పురుగుల్ని పోల్చుకుని లెక్కపెట్టడంలో ఉంది. వాధ్వానీ ఏఐ అనే సంస్థవాళ్ళు దీనికోసం కాటన్‌ఏస్ అని ఫోనులో ఒక ఏర్పాటు చేశారు. 2019లో గూగుల్ పెట్టిన పోటీలో నెగ్గి దానికి విరాళం కూడా సంపాదించారు. మా పక్కనే ఉన్న మహారాష్ట్ర రైతులు దాన్ని వాడారు. రైతు ఫొటో తీస్తే ఫోను పురుగుల్ని గుర్తుపట్టి, లెక్కపెట్టి, మందు కొట్టాలో అక్కర్లేదో చెబుతుంది. నాకు అందులో నచ్చినది ఫోను తెలివి కాదు. బుట్టలో పురుగుల్ని తీసి ముందు ఒక తెల్లకాగితం మీద వెయ్యాలి, ఆ తరవాతే ఫొటో. మట్టిమీదో ఆకుమీదో వేస్తే ఏది పురుగో ఏది పుల్లో యంత్రానికి తికమక. పిల్లల నోటుపుస్తకంలోంచి చింపిన కాగితం చాలు, దాని తికమక సగం తగ్గుతుంది. కోట్లు పెట్టి చేసిన కన్నుకి పైసా కాగితం చూపునిచ్చింది.

చాయ్ బండి దగ్గర డబ్బులు కట్టే చదరపు అచ్చుబొమ్మ సంగతీ ఇంతే. 1994లో జపానులో డెన్సో వేవ్ అనే కంపెనీ ఇంజనీరు మసాహిరో హారా, కార్ల సామాన్లు లెక్క చూసుకోవడానికి దాన్ని కల్పించాడు. మూడు మూలల్లో మూడు పెద్ద బొట్లు ఉంటాయి గమనించారా? యంత్రం కన్ను ముందు వాటినే వెతుక్కుంటుంది. ఆ బొట్లలో నలుపూ తెలుపూ ఒకటి, ఒకటి, మూడు, ఒకటి, ఒకటి పాళ్ళలో ఉంటాయి. పత్రికలూ కరపత్రాలూ ఎన్నో తిరగేసి, అచ్చులో అతి తక్కువగా కనిపించే పాళ్ళు అవేనని తేల్చుకుని మరీ పెట్టాడాయన. కాస్త చాయ్ ఒలికినా, కొంచెం చిరిగినా అది చాలాసార్లు చదవబడుతుంది. ముగ్గు చూసి గుమ్మం పోల్చుకున్నట్టు, బొట్టు చూసి యంత్రం దారి పోల్చుకుంటుంది.

ఇంతవరకూ పురుగులూ, పండ్లూ, కాగితాలూ. యంత్రం కన్ను మనిషి మొహంమీద పడినప్పుడు కథ మారుతుంది.

మా వాడకట్టులో ఒక అవ్వ ఉంది. నలభయ్యేళ్ళు బీడీలు చుట్టింది. చేట ఒళ్ళో పెట్టుకుని, తునికాకు కత్తిరించి, తంబాకు పోసి, వేళ్ళతో చుట్టి చుట్టి, బొటనవేలిమీద గీతలన్నీ అరిగిపోయాయి. పింఛను కోసం వేలిముద్ర పెట్టినప్పుడల్లా యంత్రం కాదు పొమ్మనేది. కొబ్బరినూనె రాసింది, సబ్బుతో కడిగింది, చీరకొంగుతో తుడిచింది. ఊహూఁ! ఇలాంటివాళ్ళు ఎందరో ఉండబట్టే 2025లో తెలంగాణలో చేయూత పింఛన్లకి మొహం చూసి గుర్తుపట్టే పద్ధతి పెట్టారు. మంచిదే.

"బిడ్డా, జర నువ్వు గూడ రారాదు" అంటే నేనూ వెంట వెళ్ళాను.

ఫోను పట్టుకున్న పిల్లవాడు వాడకట్టువాడే. అవ్వ మనవడితో గోళీలాడి పెరిగినవాడు. అవ్వ తలమీద కొంగు కప్పుకుని, వాకిలికి వీపుపెట్టి కూర్చుంది. వెనక భగభగమనే ఎండ, ముందు మొహమంతా చీకటి. ఫోను గుర్తుపట్టలేదు. కొంగు తీసింది. గుర్తుపట్టలేదు. కళ్ళజోడు అద్దాలమీద వెలుగు మెరుస్తోందని అదీ తీసింది. అప్పుడు కన్ను కొట్టమంది ఫోను.

"అవ్వా, కండ్లు మూసి తెరువు."

అవ్వ దేవుడికి దండం పెట్టుకున్నట్టు కళ్ళు మూసుకుని అలాగే ఉండిపోయింది.

"గట్ల గాదవ్వా! టపటప కొట్టాలె."

"ఎందుకురా?"

"ఫొటో చూపెట్టి మోసం చేస్తరని. బతికున్న మనిషేనా అని చూస్తది."

"నేను బతికున్ననో లేనో కండ్లుగొట్టి చెప్పాల్నారా? గిన్నేండ్ల నించి నీ ముందటనే తిరుగుతున్న గదరా!"

ఆ పిల్లవాడు తల వంచుకున్నాడు. వాడికి అవ్వ తెలుసు. వాడికి తెలిసినట్టు ఆ ఫోనుకి ఏ జన్మకీ తెలియదు. కాని వాడి ఎరుకకి అక్కడ విలువ లేదు, ఫోను ఎరుకకే విలువ.

మొహం బదులు ఫొటో పెట్టే మాయగాళ్ళు ఉన్న మాట నిజమే. వాళ్ళకోసం పెట్టిన కాపలా అది. ఆ కాపలాకి జవాబు చెప్పవలసి వచ్చింది మాత్రం మా అవ్వ.

ఆఖరికి ఎవరో పెద్దాయన తన భుజంమీది తెల్లదోతి తీసి అవ్వ వెనక తెరలా పట్టుకున్నాడు. అవ్వని వాకిలివైపు తిప్పి కూర్చోబెట్టాం. వెలుగు మొహంమీద పడింది. ఈసారి ఫోను ఒప్పుకుంది. పత్తిపురుగుకి తెల్లకాగితం, మా అవ్వకి తెల్లదోతి! నవ్వు వచ్చింది కాని పూర్తిగా రాలేదు. ఎందుకంటే అంతసేపూ ఫోను "నాకు కనబడడం లేదు" అని ఒక్కసారి కూడా అనలేదు. అవ్వ సరిపోలేదు అనే అంది. చూపు ఆనని వాడు ఎదుటివాడిది మసక మొహం అన్నట్టు! అవ్వ మూడుసార్లు తప్పింది అని అక్కడున్నవాళ్ళూ అన్నారు. తప్పింది అవ్వ కాదు కదా!

పింఛను అయితే ఇంకో నాలుగుసార్లు తిరిగి తెచ్చుకుంటాం. ఇదే కన్ను ఒక మనిషిని చూసి ఇంకొకడు అంటే? 2020 జనవరిలో అమెరికాలో డెట్రాయిట్ పోలీసులు రాబర్ట్ విలియమ్స్ అనే ఆయన్ని, గడియారాల దొంగ అని, ఇంటిముందు భార్యాపిల్లలు చూస్తుండగా తీసుకుపోయారు. దుకాణం కెమెరా తీసిన మసక బొమ్మకి ఆయన మొహం సరిపోయిందని యంత్రం చెప్పింది. ఆయన కాదు. దాదాపు ముప్పై గంటలు లోపల ఉన్నాడు. 2024లో నగరం వాళ్ళు పరిహారం ఇచ్చి రాజీపడ్డారు.

మన హైదరాబాదు కథ వేరు. 2021 మే నెలలో, లాక్‌డౌను రోజుల్లో, ఎస్.క్యూ. మసూద్ అనే సామాజిక కార్యకర్తని పోలీసులు రోడ్డుమీద ఆపి, మాస్కు తీయమని అడిగారు. ఆయన తీయనన్నాడు. మాస్కుతోనే ఫొటో తీసుకున్నారు. నా ఫొటో ఎందుకు, దానితో ఏం చేస్తారు అని ఆయన హైకోర్టుకి వెళ్ళాడు. 2022 జనవరిలో కోర్టు ప్రభుత్వానికి నోటీసు ఇచ్చింది. రోగం రాకుండా కట్టుకున్న జానెడు గుడ్డ, కెమెరాకి అడ్డుగుడ్డ కూడా అయింది చూడండి.

మా భైంసాలో 2020 జనవరిలోనూ 2021 మార్చిలోనూ గొడవలు జరిగాయి. ఆ రోజుల్లో ఇళ్ళలో తలుపులు వేసుకుని కూర్చున్నవాళ్ళకి తెలుసు, ఒకరిని చూసి మరొకరు అనుకోవడం ఎంత ప్రమాదమో. ఇలాంటి ఊళ్ళో కెమెరాలు వద్దని నేను అనను. దొంగనీ నేరస్తుణ్ణీ పట్టిచ్చేది అదే కావచ్చు. కాని యంత్రం వేలెత్తి చూపించినంతమాత్రాన ఆ మనిషే అనుకోవడం, చెక్క మామిడిపండుని ఊరగాయ పెట్టడం లాంటిది. చేతిలోకి తీసుకుని బరువు చూడాలి.

అయితే అందరం రంగుల కళ్ళజోళ్ళు పెట్టుకుని తిరుగుదామా అంటే, అదీ కుదరదు. ఇవాళ మోసపోయిన యంత్రానికి రేపు పాఠం చెప్పి పంపిస్తారు, ఆ కళ్ళజోడు పనికిరాదు. పైగా మనకి పనికొచ్చిన కళ్ళజోడు దొంగకీ పనికొస్తుంది. నాకు తోచేది చిన్న మాట. యంత్రం చూపు ఆనకపోతే దానికి తెల్లకాగితం పెట్టవలసిన బాధ్యత దాన్ని పెట్టినవాళ్ళది, ఎదుట కూర్చున్న ముసలమ్మది కాదు. పురుగుల విషయంలో అయితే ముందే ఆలోచించి కాగితం పెట్టమన్నారు కదా, మనుషుల విషయంలో ఆ మాత్రం చెయ్యలేరా? ఫోను మూడుసార్లు కాదన్నాక, "ఈమె నాకు తెలుసు, నేను పూచీ" అని చెప్పడానికి ఆ పిల్లవాడికి ఒక్క మీట ఉండాలి. వాడి పేరూ, సంతకమూ రాసుకోండి. వాడు అబద్ధమాడితే పట్టుకుని అడగవచ్చు. ఫోనుని ఎవరు అడుగుతారు?

మా అవ్వ అంత దూరం ఆలోచించలేదు కాని, తన ఏర్పాటు తను చేసుకుంది. తరవాతి నెల పింఛను రోజున చంకలో తెల్లదోతి మడతతో బయల్దేరింది. వాకిలికి ఎదురుగా కూర్చుంది, దోతి ఇంకొక అవ్వ పట్టుకుంది, మొదటిసారికే పని అయిపోయింది. అక్కణ్ణుంచి అది వరసలో ఉన్నవాళ్ళందరి వెనకకీ ప్రయాణం చేసింది. సాయంత్రానికి మాసిపోయి అవ్వ చేతికొచ్చింది.

"మిషన్ కండ్లు మంచిగ లేవు గని, గీ దోతి పిండుడు నాకు పడ్డది" అంటూ బకెట్లో నానేసింది అవ్వ.